పెరటాసి మూడో శనివారం

ఆ పెరటాసి నెలంతా మా అత్త వరదమ్మ నా నెత్తురుకు తోడు పెట్టాలని చూసింది. ఏదో మాటవరసకు అనడం లేదు. పొద్దున్నే ఒక గిన్నె, మధ్యాహ్నం అన్నంలో ఒక గరిటె, పొద్దుగూకే ముందు మళ్ళీ ఒక గిన్నె గడ్డపెరుగు తెచ్చి నా ముందు పెట్టేది. నేను గిన్నె అడుగు గీకేదాకా ఎదురుగా కూర్చుని ఉండేది. నిండునెలల పొట్ట, దానిమీద ఇంత పెరుగు. లేచి నడిస్తే లోపల బిడ్డ ఈత కొడుతున్నట్టు ఉండేది.

తప్పు అత్తది కాదు, మా ఆయన జయరామ్‌ది. అరవదేశం రాయవేలూరు మిషన్ ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది ఒకటి. గాయమైతే గడ్డకట్టడానికి మనిషి నెత్తురులో ఒక పదార్థం ఉండాలట. అది నాకు పుట్టుకతోనే తక్కువట. ఇట్లాంటి వాళ్ళు లక్షల్లో ఒకరు ఉంటారట. లక్షల్లో ఒకరంటే మా ఆయన మొదట గర్వంగా తలూపాడు, తర్వాత అర్థమై ముఖం మాడ్చుకున్నాడు. ఇంటికొచ్చి ఆ సంగతి తల్లికి తెలిసే భాషలో చెప్పబోయాడు.

"పాలు పేరుకోవాలంటే తోడు గావాల గదమ్మా. పంకజ నెత్తురులో ఆ తోడు తక్కువంట."

మా అత్త అంతా అర్థమైనట్టు చీరకొంగు బిగించి లేచింది. "తోడు తక్కువైతే ఇంకా రొంత ఎయ్యాల. దానికి రాయవేలూరు దాకా పోవాల్నా?" అనింది. ఆ రోజు మొదలు పెరుగు. ఇది వేరే, అది వేరే అని మా ఆయన చెప్పిన ప్రతిసారీ ఇంకో గరిటె ఎక్కువ పడేది తప్ప లాభం లేకపోయింది.

అంతకుముందు రెండుసార్లు నాకు కడుపు నిలవలేదు. దిష్టి అన్నారు, గాలి అన్నారు, పడమటి వాకిలి అన్నారు. వాకిలి మార్చాం కూడా. చివరికి చిత్తూరులో దవడపన్ను పీకించుకుంటే నెత్తురు ఆగక నేను గోనెపట్టా మాదిరి వాలిపోయాను. ఆ పంటి డాక్టరు భయపడి రాయవేలూరికి చీటీ రాశాడు. నా రోగం కనిపెట్టింది దేవుడూ కాదు, జోస్యుడూ కాదు, నా పుచ్చిపన్ను. ఈసారి నెలతప్పిన దగ్గర్నుంచీ బస్సెక్కి రాయవేలూరు పోవడం, సూది గుచ్చించుకుని లేతపసుపు నీళ్ళ మాదిరి ఉన్న మందు ఎక్కించుకోవడం, రావడం. అది ముక్కూమొహం తెలియని వాళ్ళు ఇచ్చిన నెత్తురులోంచి తీసిందని చెప్పారు. ఎవరి నెత్తురో తలచుకుని నేను బస్సులో కనపడ్డ వాళ్ళందరికీ మనసులో దండం పెట్టుకునేదాన్ని.

కాన్పు దగ్గరే అసలు కష్టమని డాక్టరమ్మ ముందే చెప్పింది. అప్పటికప్పుడు తీసిన నెత్తురు నాకు కావలసి వస్తుంది, సరిపోయే మనుషులను సిద్ధం చేసుకోండి, లేకపోతే బిడ్డ దక్కినా తల్లి సంగతి నేను మాట ఇవ్వలేను అనింది. ఊళ్ళో నెత్తురు ఇమ్మంటే కోడలిని ఇమ్మన్నట్టు చూశారు జనం. ఒక సీసా తీస్తే మగతనం పోతుందని ఒకడు, ఆరునెలలు మంచం పడతారని ఒకడు. ఎట్లాగో కొందరిని పట్టి పరీక్ష చేయిస్తే నలుగురిది సరిపోయింది. మా ఆయన పనిచేసే మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో ఇద్దరు డ్రైవర్లు. మా అత్త తమ్ముడు ఓబయ్య, పేరుకు తగని పెద్ద మీసం, ఒకప్పుడు అడవిపందిని ఉత్త చేతుల్తో పట్టానని చెప్పుకునే మనిషి. నాలుగోది పక్కింటి సంతోషమ్మ.

సంతోషమ్మ మిషన్ బడిలో పిల్లలకు వంట చేసేది. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య మట్టిగోడ. ఆ గోడకు ఇటుపక్క మా అత్త, అటుపక్క సంతోషమ్మ, ఇద్దరూ ఒక్కనాడు నేరుగా మాట్లాడుకుని ఎరగరు. మా అత్త మా పాడి ఎనుము గౌరితో మాట్లాడేది, సంతోషమ్మ తన కోడితో మాట్లాడేది. సమాచారం అందవలసిన వాళ్ళకు అందేది.

పెరటాసి వచ్చిందంటే మా బంగారుపాళ్యంలో కోళ్ళకు ప్రాణం లేచొస్తుంది. ఆ నెల వెంకటేశ్వరస్వామిది. మా ఇళ్ళలో గుడ్డు కూడా గడప దాటి రాదు. మా అత్త నీచు వండే కూరచట్టిని అటకెక్కించి, ఇల్లంతా కడిగి, నాలుగు శనివారాలూ ఒక్కపొద్దు ఉంటుంది. నామం పెట్టుకుని, ఇండ్లు తిరిగి బియ్యం అడిగి తెచ్చి వండి, పిండిదీపం వెలిగించి గోవిందా అనేదాకా మెతుకు ముట్టదు. మా ఇంట్లో పద్ధతి ఇంకొకటి. దీపం పెట్టిన మనిషి మొదటి ముద్ద నోట్లో వేసుకునేదాకా ఒక్కపొద్దు ఉన్నవాళ్ళు ఎవరూ ముట్టరు. ఆకలికి కళ్ళు తిరుగుతున్నా మా అత్త నోటివంక చూస్తూ కూర్చోవలసిందే.

ఆ ఏడు ఆమె స్వామి పటం ముందు గట్టి మొక్కు మొక్కింది. నేను విన్నాను. "నాలుగు శనివారాల్లో ఒక్కటి తప్పినా ఈ బిడ్డ మాకు దక్కకుండా పోనీ సామీ" అనింది. అంత మాట ఎందుకత్తా అని నేను ఏడుపు మొహం పెడితే, గట్టిగా చెప్పకపోతే స్వామికి మనమీద నమ్మకం ఎట్లా కుదురుతుందని నన్నే కసిరింది. నన్ను మాత్రం ఒక్కపొద్దు ఉండొద్దనింది. నా బదులు కూడా తనే ఉంటుందట. ఒక మనిషి ఇద్దరి ఒక్కపొద్దు ఎట్లా ఉంటుందని అడిగితే, అందుకే కదా నీళ్ళు కూడా మానేసింది, సరిపోతుంది అనింది.

ఇటు చూస్తే డాక్టరమ్మ రోజుకో గుడ్డు తినమని చెప్పి పంపింది. ఆ మాట అత్త దగ్గర ఎత్తే ధైర్యం మా ఆయనకూ లేదు, నాకూ లేదు. గోడవతలినుంచి సంతోషమ్మ మాత్రం వినింది. మరుసటి రోజునుంచి గోడలో పిచ్చుక గూడు పెట్టిన బొక్కలోంచి ఉడికించిన గుడ్డు ఒకటి, చిటికెడు ఉప్పూ మిరియాల పొడీ కట్టిన పొట్లం ఒకటి ఇటు దొర్లేవి. నేను గడ్డివామి వెనక్కు పోయి, నిలబడి, రెండు గుటకల్లో మింగి, పెంకును కరివేపాకు చెట్టు మొదట్లో దూర్చేదాన్ని. లోపలికి రాగానే పెరుగు గిన్నె సిద్ధంగా ఉండేది. స్వామికి కోపం వస్తుందని భయపడుతూనే తిన్నాను. తినకపోతే డాక్టరమ్మకు కోపం వస్తుంది. ఇద్దరిలో ఆమె దగ్గరే సూదులున్నాయి.

రెండో శనివారం సంతోషమ్మ ఇంట్లో మసాలా నూరిన వాసన గోడ దాటింది. మా అత్త నామం పెట్టుకుని ఎనుము పక్కన నిలబడింది.

"ఏమే గౌరీ, పెరటాసి శనివారమని తెలీని మనుసులు ఉండారు ఈ లోకంలో. నువ్వు రొంత ముక్కు మూసుకో."

అవతలినుంచి కోడికి జవాబు వచ్చింది. "ఏమే, ఈ నెలంతా నిన్ను ముట్టని ఇల్లు గోడకవతల ఉండాది, ఆడికి పోయి బతకరాదా? మా ఇంట్లో ఉంటే నీకే నష్టం."

నేను నవ్వాపుకోలేక పొట్ట పట్టుకుని కూర్చున్నాను. ఈ సంతోషమ్మే నాకు నెత్తురు ఇవ్వబోయే మనిషని మా అత్తకు తెలుసు. తెలిసీ ఒక్క మాట మెత్తగా అనలేకపోయింది. అది ఆమె గుణం.

డాక్టరమ్మ నన్ను ముందుగానే ఆసుపత్రిలో చేరమనింది. సోమవారం తామే నొప్పులు తెప్పిస్తామనీ, ఆదివారానికి నెత్తురు ఇచ్చేవాళ్ళు వచ్చి ఉండాలనీ ఏర్పాటు. ఏర్పేడులో మా అమ్మకు మోకాళ్ళు వంగవు, రాలేకపోయింది. మా ఆయన నాతో ఉన్నాడు. అత్త మూడో శనివారం ఇంట్లో దీపం పెట్టుకుని ఆదివారం వస్తాననింది. అన్నీ కుదిరాయని మా ఆయన కాస్త నిశ్చింతగా గడ్డం కూడా గీసుకున్నాడు. శనివారం తెల్లవారగానే నాకు నొప్పులు మొదలయ్యాయి.

మా ఆయన సగం మొహం సబ్బుతోనే పరిగెత్తి, ఫ్యాక్టరీకి ఫోను చేసి, వాచ్‌మన్ని మా ఇంటికి తరిమాడు. తర్వాత జరిగింది బంగారుపాళ్యంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మా అత్త కొంగు నడుముకు దోపి, పిండిదీపం సామాను గుడ్డసంచిలో వేసుకుని, నలుగురినీ పోగుచేసి, ఖాళీ గుజ్జు డ్రమ్ములు వేసుకుని బయలుదేరబోతున్న ఫ్యాక్టరీ లారీ ఎక్కించింది. దారి పొడుగునా డ్రమ్ములు డమడమా, మనుషులు గోవిందా. చిత్తూరులో పోలీసు ఆపి ఇది ఏ ఊరి తిరునాళ్ళు అని అడిగాడట.

నన్ను పడుకోబెట్టిన గది కిటికీ వరండాలోకి ఉంది. నెత్తురు తీసే గది వరండాకు అవతలి పక్క. అందువల్ల నొప్పి నొప్పికీ మధ్య నేను అంతా చూశాను. ముందు మా అత్త, వెనక ఓబయ్య మామ, ఇద్దరు డ్రైవర్లు, నుదుటిన నిలువు నామాలు తీర్చుకుని పెళ్ళికొచ్చినట్టు వచ్చారు. చివర సంతోషమ్మ, చేతిలో ఆమె మోయలేనంత టిఫిన్ క్యారియరు.

నెత్తురు తీసే అరవాయన సీసాలు సర్దుకుంటూ, "సాప్పిట్టీంగళా?" అన్నాడు. తిన్నారా అని.

ఓబయ్య మామ మీసం మీద చెయ్యేసి, ఛాతీ విరిచాడు. "లేదు సామీ. పచ్చి మంచినీళ్ళు గూడా ముట్టలేదు. మేం అట్లాంటోళ్ళం గాదు."

అరవాయన సీసా కింద పెట్టేశాడు. ఖాళీ కడుపుతో ఉన్నవాళ్ళ దగ్గర నెత్తురు తీయనని, తీస్తే ఇక్కడే పడతారని, ఏదైనా తిని కాసేపు కూర్చుని రమ్మని తన భాషలో గట్టిగా చెప్పాడు. ఎవరు చెప్పారు పస్తుండమని అడిగాడు. అందరూ మా అత్తవంక చూశారు. ఆమె చెప్పిందే అది. లారీ ఎక్కించేటప్పుడు ఒక్కొక్కరినీ ఆపి, ఒక ప్రాణం నిలబెట్టే నెత్తురు ఎంగిలినోటితో ఎట్లా ఇస్తారని అడిగి, ఇడ్లీ తినబోతున్న డ్రైవరు చేతిలో పొట్లం కూడా లాగేసుకుందట. కొండకు తలనీలాలు ఇచ్చినంత నిష్ఠగా ఇవ్వాలనుకుంది పాపం. సంతోషమ్మ ఒక్కతే ఇంట్లో తినేసి వచ్చింది. ఆమెను మొదట లోపలికి పిలుచుకుపోయారు.

నాకు నవ్వొచ్చింది, వెంటనే నొప్పొచ్చింది. రెండూ కలిసి వస్తే ఎట్లా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుసు. నర్సు నన్ను నవ్వొద్దని కసిరింది.

డాక్టరమ్మ వరండాలోకి వచ్చి, ఆలస్యం చేయడానికి లేదు, ఒక్క సీసా ఏ మూలకూ చాలదు, వీళ్ళకు వెంటనే ఏమన్నా పెట్టండి అని మా ఆయనకు చెప్పి పోయింది. అంతలో సంతోషమ్మ మోచేతికి దూది పెట్టుకుని బయటికొచ్చి, బెంచీ మీద క్యారియరు విప్పింది. పెరుగన్నం. బడిపిల్లలకు వండే చెయ్యి, తక్కువ వండడం తెలియదు. మూతల్లో పెట్టి ఓబయ్య మామకు ఒకటి, డ్రైవర్లకు చెరొకటి అందించింది. ఎవరూ నోట్లో పెట్టలేదు.

"అక్కా, దీపం పెట్టే మనిసివి నువ్వు," అన్నాడు ఓబయ్య మామ నేలచూపు చూస్తూ. "నువ్వు ముట్టకుండా మేమెట్లా తినేది?"

మా అత్త గుడ్డసంచి రొమ్ముకు అదుముకుని నిలబడి ఉంది. ఆ సంచిలో వెలిగించని పిండిదీపం ఉంది, బియ్యం అడిగి తెచ్చి వండి దాన్ని వెలిగించే వ్యవధి లేదు. ఆమె మొక్కిన మొక్కు నాకూ ఆమెకూ తప్ప వరండాలో ఎవరికీ తెలియదు. ఒక్క శనివారం తప్పినా బిడ్డ దక్కకుండా పోనీ అని తన నోటితోనే అనింది. తింటే బిడ్డ పోతుందని ఆమె నిజంగా నమ్మింది. తినకపోతే నేను పోతానన్నట్టే డాక్టరమ్మ ఇప్పుడే చెప్పి పోయింది. ఆమె కిటికీలోంచి నావంక చూసింది. నాకు నవ్వు పోయింది. తిను అత్తా అనీ అనలేకపోయాను, వద్దనీ అనలేకపోయాను. అప్పుడు నాకు చావంటే భయం వేసింది. అంతకుముందు వేయలేదు.

అక్కడ ఎనుమూ లేదు, కోడీ లేదు. సంతోషమ్మ ఒక మూతలో అన్నం పెట్టుకుని మా అత్త ముందుకు పోయింది.

"తిను వరదమ్మా," అనింది.

మా అత్త దండం పెట్టుకోవడానికి గోడలన్నీ వెతికింది. వెంకటేశ్వరస్వామి లేడు, ఏసుప్రభువు ఉన్నాడు. కళ్ళు మూసుకుంది. ఆమె మెల్లగా అనుకున్న మాట కిటికీ పక్కనున్న నాకు వినపడింది.

"తప్పు నాది సామీ. నా మీదనే ఎయ్యి. బిడ్డ మీద ఎయ్యొద్దు."

ఒక ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకుంది. నమిలింది, మింగింది. వరండాలో అందరూ ఆమె నోరే చూస్తున్నారు.

"ఉప్పు సాల్లేదు," అనింది మా అత్త.

అంతే, ముగ్గురు మగవాళ్ళూ అన్నం మీద పడ్డారు. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. నర్సు నవ్వొద్దన్నట్టే ఏడవొద్దని కూడా కసిరింది. ఆ ఆసుపత్రిలో ఏం చేయనిచ్చేవాళ్ళో నాకు ఈనాటికీ తెలియదు.

డ్రైవర్లు ఇద్దరూ కాసేపు కూర్చుని, చడీచప్పుడు లేకుండా ఇచ్చి వచ్చారు. అడవిపందిని పట్టిన ఓబయ్య మామ మాత్రం సూది చూడగానే కళ్ళు తేలేశాడు. మొహాన నీళ్ళు కొట్టి లేపితే, అయిపోయిందా అని అడిగాడు. ఇంకా గుచ్చలేదన్నారు. మా అత్త లోపలికి పోయి తమ్ముడి మీసం గట్టిగా పట్టుకుని, సీసా నిండేదాకా వదల్లేదు. బయటికొచ్చాక రెండో మూత పెరుగన్నం అడిగి మరీ తిన్నాడు.

మధ్యాహ్నానికి కూతురు పుట్టింది. పుట్టీ పుట్టగానే వరండా దాటి వినపడేలా ఏడ్చింది. తర్వాత నాకు నెత్తురు పోవడం మొదలైంది. ఒక పక్క పోతూ ఉంటే ఒక పక్క సీసాలు ఎక్కిస్తూ ఉన్నారు. డాక్టరమ్మ నుదుటిన చెమట, కాళ్ళు చల్లబడడం, మా ఆయన ఎక్కడో నా పేరు పిలవడం, ఇంతే గుర్తు. బిడ్డను ఒకసారి ఎత్తుకోకుండా పోతానేమో అనుకున్నాను. చాలాసేపటికి డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ నర్సుతో ఒక మాట అనింది.

"నిన్నుపోచ్చు."

నాకు వచ్చిన అరవం కొంచెమే. ఆ మాట మాత్రం తెలుసు. ఆగిపోయిందని.

మళ్ళీ ఇంటికి వచ్చేసరికి పెరటాసి వెళ్ళిపోయి వానలు పట్టుకున్నాయి. మా అత్త నాలుగో శనివారం ఆసుపత్రి వరండాలోనే దీపం పెట్టి, ఏసుప్రభువు ముందు గోవిందా కొట్టి, నర్సుల చేత తిట్లు తినింది. మూడో శనివారం తప్పినందుకు స్వామికి జరిమానా మాదిరి తప్పుపణం కూడా మొక్కింది. తన తలనీలాలు కాదు, ఓబయ్య మామ మీసం. కొండమీద ఆ మీసం తీయించుకుని వచ్చిన మనిషిని ఆయన సొంత కుక్క గుర్తుపట్టక మొరిగింది. ఇప్పటికీ నా కూతురు మొండికేస్తే, "నా నెత్తురు గదా, అట్లానే ఉంటాది" అంటాడు. ఆ నెత్తురు ఎక్కించింది బిడ్డకు కాదు నాకు అని ఎంత చెప్పినా వినడు.

వచ్చిన రోజు సాయంత్రం నేను బిడ్డను ఒళ్ళో వేసుకుని పెరటి పంచలో కూర్చున్నాను. కరివేపాకు చెట్టు మొదట్లో మన్ను గట్టిగా అణగదొక్కి ఉంది. నేను దూర్చిన గుడ్డు పెంకులు పైకి తేలకుండా ఎవరు పూడ్చారా అని చూస్తుంటే, మా అత్త పాలచెంబుతో అటుగా పోతూ నావంక చూడకుండానే అనింది.

"దూర్సేదన్నా సక్కగా దూర్సకూడదా? కాకులు ఊరంతా పంచుతా ఉండె. నేను గాబట్టి పూడ్సి పెట్టినా."

నేను బిడ్డ మొహంలోకి చూస్తూ కూర్చున్నాను. ఆమె లోపల పాలు కాచి ఆరబెట్టింది. అన్ని రోజులు మూతబడిన ఇల్లు, పెరుగుచట్టి ఎండిపోయి ఉంది. దీపాలు పెట్టాక ఎవరూ పెరుగు బయటికివ్వరు. అడగాలంటే ఆ పొద్దుండగానే అడగాలి. వీధిలో మా వాళ్ళవి ఇండ్లున్నాయి. మా అత్త చిన్న గిన్నె పట్టుకుని వీధివైపు రెండడుగులు వేసి, నిలబడి, వెనక్కి తిరిగి పెరట్లోకి వచ్చింది. గోడ దగ్గరికి పోయింది. ఎనుము అక్కడే నెమరేస్తూ ఉంది. అవతల కోడి గోడమీదికి ఎక్కి కూర్చుని ఉంది. ఎవరితో చెబుతుందా అని నేను చూస్తున్నాను.

"సంతోషమ్మా," అని పిలిచింది. "రొంత తోడు ఉంటే ఇయ్యి."

అవతల గరిటె చప్పుడు ఆగిపోయింది. సంతోషమ్మ చెయ్యి గోడమీదినుంచి గిన్నె అందుకుంది, నింపి ఇచ్చింది. "ఉప్పు ఎయ్యలేదు వరదమ్మా," అనింది. మా అత్త నవ్వాపుకోవడానికి మూతి ముడుచుకుని లోపలికి పోయింది.

మరునాడు పొద్దున్నే చట్టి తెచ్చి నా ముందు పెట్టి, మూత తీసి, పక్కకు వంచి చూపించింది. పెరుగు అంగుళం కదల్లేదు. ఒక గిన్నెలో వేసి నా చేతికిచ్చి, ఎదురుగా కూర్చోకుండా బిడ్డకు నీళ్ళు కాచడానికి పోయింది. నేను గిన్నె అడుగు గీకి మరీ తిన్నాను.